నంబర్లు కలిసిన సంసారం

"నా కనుబొమల పెన్సిల్ ఏదండీ?" అని అడిగాను.

"ఇంజిన్ మీద ఉంది చూడు," అన్నారు మా ఆయన, అదేదో ఇంట్లో అల్మరా అయినట్టు.

నిజంగా ఇంజిన్ మీదే ఉంది. వరండాలో నిలబెట్టిన పాత మోటార్ సైకిల్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి, నా పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీస్తున్నారాయన. మామూలు పెన్సిల్ గట్టిగా ఉంటుందట, అంకె ఇంత ముద్దుగా రాదట.

"పెన్సిల్‌కి ఇంత రాద్ధాంతమా?" అని ఆయన. "మొహం మీద గీసుకునేది ఇనుము మీద గీస్తే రాద్ధాంతం కాక రాగం తియ్యాలా?" అని నేను. ఓ పావుగంట ఇలాగే గడిచింది.

తర్వాత నింపాదిగా ఆలోచిస్తే, తప్పు నాదేనని తేలింది. నవ్వకండి! సంసారాలు బాగుపడాలంటే ఇంటికో పాత మోటార్ సైకిల్ ఉండి తీరాలి. దాని ఇంజిన్ నంబరూ ఫ్రేము నంబరూ కలుస్తున్నాయో లేదో ఇంటాయన పొద్దస్తమానం పరీక్షిస్తూ ఉండాలి. ఇంతకు మించిన కుటుంబ సంక్షేమ పథకం మరొకటి లేదు!

తెలియనివారికి రెండు ముక్కలు. ఈ రకం బండికి ఫ్యాక్టరీలో పుట్టినప్పుడే ఇంజిన్ మీదా, ఫ్రేము మెడ మీదా ఒకే నంబరు కొట్టేవారట. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ జత చెదరకుండా ఉంటే అది రత్నం. చెదిరితే పాత ఇనుము. బండి నడుస్తుందా అని మాత్రం ఎవరూ అడగరు. మాది నడవదు. అది వేరే సంగతి.

ఇక లాభాలు చూడండి. ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనబడని మనిషికి, ఏడు అంకె తోక వెంట్రుకవాసి వంకర తిరిగితే ఇట్టే తెలిసిపోతోంది. రెండు సాక్సులు జత కలపలేని చేతులు ఆరంకెల నంబర్లు కలుపుతున్నాయి. చీపురు చూస్తే పట్టేసే నడుము బండి కిందికి పాములా దూరుతోంది. డాక్టరు మొత్తుకున్నా చెయ్యని వ్యాయామం ఇది!

ఇక ఓపికంటారా? నా పాత టూత్ బ్రష్‌తో (పాతదని ఆయన అనుకున్నారు) గంటలకొద్దీ తుప్పు తోముతున్నారు. ఫ్రేమంటే అంత శ్రద్ధ! నా కళ్ళజోడు ఫ్రేము మారి నాలుగు నెలలైంది. అది ఇంకా ఆయన పరిశీలనకు వచ్చినట్టు లేదు.

కుటుంబ ఐక్యత సంగతి చెప్పనే లేదు. బుధవారం వరండాలోంచి గావుకేక. "ఇంజిన్ మీద మూడు! ఫ్రేము మీద ఎనిమిది!" ఇల్లంతా పరుగెత్తింది. "ఎవరికేమైందిరా?" అంటూ మా అత్తగారు చేతికర్ర మరిచిపోయి మరీ వచ్చారు. మా అమ్మాయి వంగి గోరుతో గీకితే ఎనిమిదిలో సగం ఊడి చేతికొచ్చింది. ఎండిపోయిన గ్రీజు!

"మూడే నాన్నా," అంది.

ఆయన దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పారు. దానికి పద్నాలుగేళ్ళు. లెక్కల్లో ఫస్టొచ్చినప్పుడు కూడా తిప్పలేదు.

ఇదే వారంలో నాకూ ఓ చిన్న పని పడింది. దగ్గర్లోని బళ్ళో లైబ్రరీ అసిస్టెంటు ఉద్యోగానికి నన్ను ఎంపిక చేశారు. డిగ్రీ పుచ్చుకున్న ఇరవై ఏళ్ళకి దాన్ని చూపించమని అడిగినవాళ్ళు వీళ్ళే! సోమవారం సాయంత్రంలోగా కాగితాలు సరిచేసుకుని రాకపోతే జాబితాలో తర్వాతి వాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. చిక్కల్లా ఒకటే. డిగ్రీ మీద పుట్టింటి ఇంటిపేరు, గుర్తింపు కార్డు మీద అత్తింటి ఇంటిపేరు. కార్డుల్లో పేర్లు సరిచేసే ఆఫీసులో గుమస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఈ ఇద్దరిలో మీరెవరు మేడం?" అన్నాడు.

దారులు రెండని కూడా చెప్పాడు. ఆవిడా ఈవిడా ఒకరేనని మా ఆయన వచ్చి సంతకం చెయ్యాలి. లేదంటే కార్డులో పాత పేరు పెట్టమని నేనే దరఖాస్తు ఇచ్చి, ఆ రసీదు బళ్ళో చూపించాలి. "రెండోది ఎవరూ చెయ్యరు లెండి," అని నవ్వాడు.

"ఒక్క సంతకమేగా, చేద్దాంలే," అన్నారు మా ఆయన. "ఈ వారం మాత్రం కుదరదు. ఆదివారం పాత బళ్ళ క్లబ్బు నుంచి తనిఖీకి వస్తున్నారు." బండి పాత రిజిస్టరు వెతికించడానికి అప్పటికే మూడ్రోజులు సెలవు పెట్టేశారు మరి! సోమవారం గడువని గుర్తు చేస్తే, "వాళ్ళని ఓ వారం ఆగమనకూడదూ?" అన్నారు. నేను ఏమాత్రం నొచ్చుకోలేదు. బండికి అరవై, నాకు నలభై మూడు. పెద్దవాళ్ళ పని ముందు కానివ్వాలి కదా!

ఆదివారం క్లబ్బు పరీక్షకుడు వచ్చారు. ఆయన్ని అందరూ భూతద్దం మాస్టారంటారట. బండి మెడ దగ్గర టార్చి అడ్డంగా పెట్టి, పది నిమిషాలు ఊపిరి బిగబట్టి చూశారు.

"నంబర్లు కలిశాయి కదండీ!" మా ఆయన ఆగలేకపోయారు.

"కలిశాయి బాబూ. మరీ కలిశాయి. అదే నా అనుమానం." మాస్టారు భూతద్దం నా చేతికిచ్చారు. "ఫ్రేము ఇంకో బండిది. దాని సొంత నంబరు అరగదీసి, పైన ఈ ఇంజిన్ నంబరు కొట్టారు. ఎంత నున్నగా రుద్దినా పాతది చావదమ్మా, ఇదిగో చూడండి."

చూశాను. కొత్త మూడు కింద పాత ఐదు పల్చగా పడుకుని ఉంది.

"ఇప్పుడేం చెయ్యాలి సార్?" అన్నారు మా ఆయన.

"పాత నంబరు రాబట్టి, అదే రికార్డులో రాయించండి. దొంగ జత కన్నా నిజమైన ఒంటి నంబరుకే మా దగ్గర గౌరవం."

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనకు ముద్ద దిగలేదు. "ఎంత అన్యాయం చూడమ్మా!" అని వాళ్ళమ్మతో మొరపెట్టుకున్నారు. "దాని నంబరు దానికి లేకుండా గీకేసి, ఇంకోదాని నంబరు మెడ మీద కొట్టడమేమిటి? అది నోరులేనిదనేగా!"

ఎంత చక్కగా చెప్పారు! ఇన్నేళ్ళ కాపురంలో ఇంత నిఖార్సయిన మాట ఆయన నోట నేను వినలేదు.

"రేపు పేర్ల ఆఫీసుకి వెళ్తున్నానండీ," అన్నాను కూర వడ్డిస్తూ.

"సంతకానికా? రేపు నాకు..."

"మీ సంతకం అక్కర్లేదు. రెండో దారినే వెళ్తున్నాను. నా డిగ్రీ మీద ఉన్న ఇంటిపేరే ఇక అన్నిట్లోనూ ఉంటుంది. బళ్ళోనూ ఆ పేరుతోనే చేరతాను."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "ఈ వయసులో పేరు మార్చుకోవడమేమిటి?"

"మార్చుకోవడం లేదండీ. పైన కొట్టినది తీయిస్తున్నాను."

మా అమ్మాయికి నవ్వాపుకోలేక పొలమారింది. నేను అత్తగారి వైపు చూశాను. ఇక దులిపేస్తారనే అనుకున్నాను. ఆవిడ తాపీగా మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టారు.

"ఆ ఆఫీసు పొద్దున్నే ఎన్నింటికి తెరుస్తారే?" అన్నారు. "నేనూ వస్తాను."