ఎరుపు సేకరణ

ఎర్రగుంటలపాడు గ్రామంలోని ఎరుపు రంగుని ప్రజాప్రయోజనం కోసం ప్రభుత్వం సేకరించబోతోందని పంచాయతీ ఆఫీసు గోడకి నోటీసు అంటించినప్పుడు, ఊళ్ళో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. అంతకుముందు కాలువ కోసం ఊరి వాలు తీసుకున్నారు. అప్పట్నించీ ఎవరి వాకిట్లో పారబోసిన నీళ్ళు వాళ్ళ వాకిట్లోనే ఉంటున్నాయి, జనం అలవాటు పడిపోయారు. వాలు పోయిన ఊరికి రంగు పోవడం ఒక లెక్కా అనుకున్నారు. నోటీసు అంటించిన వీఆర్వో ఆదిశేషు కూడా అలాగే అనుకుని, వేళ్ళకంటిన మైదా జిగురు గోడకే తుడిచి, మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ ఎరుపు ఎందుకు కావలసి వచ్చిందో గ్రామసభలో డాక్టర్ సుచరిత వివరించింది. జిల్లా కేంద్రం దగ్గర కొత్తగా కట్టిన కాంతి పరిశోధన కేంద్రంలో ఆవిడ శాస్త్రవేత్త. ఇన్నాళ్ళూ కంప్యూటర్లు కరెంటుతో పనిచేసేవి, ఇకమీదట వెలుతురుతో పనిచేస్తాయి. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని గాజు దారుల్లో వెలుతురు పరుగెడుతుంది. కెమెరాలకి లావుపాటి అద్దాలక్కర్లేదు, ఉల్లిపొర కన్నా పలచనివి వచ్చేశాయి. అన్నీ సిద్ధంగా ఉన్నాయి కానీ ఒక్క ఎరుపే కుదరడం లేదు. లాబరేటరీలో చేసిన ఎరుపు కాస్త వేడెక్కగానే తన చోటు వదిలి పక్కకి జరిగిపోతోంది. దేశమంతా గాలిస్తే, ఎంత ఎండకీ జరగకుండా నిలబడే ఎరుపు ఈ ఊళ్ళోనే దొరికింది. "మీ మిరపకాయలో ఉన్నంత స్థిరమైన ఎరుపు నేనింతవరకూ చూళ్ళేదండీ," అందావిడ. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. జనం చప్పట్లు కొట్టారు.

తర్వాత తహసీల్దారు లేచి నిబంధనలు చదివాడు. ఊళ్ళోని ఎరుపంతా కేంద్రానికి చెందుతుంది. బయటినించి పొలిమేర దాటి లోపలికొచ్చే ఎరుపు కూడా చెందుతుంది. పదేళ్ళ తర్వాత ఇంటింటికీ లేత గులాబీ రంగు తిరిగిస్తారు, అప్పటిదాకా బూడిదరంగు వాడుకోవాలి. అమ్మవారి కుంకుమ విషయంలో దేవాదాయ శాఖ తమకేమీ అభ్యంతరం లేదని రాసిచ్చింది. అమ్మవారిని ఎవరూ అడగలేదు.

అభ్యంతరాలుంటే చెప్పమన్నప్పుడు వెనక వరసలోంచి బసవపూర్ణమ్మ లేచింది. ఆవిడ ఆదిశేషుకి సొంత అక్క. తల్లి పోయాక కూలికెళ్ళి తమ్ముణ్ణి చదివించి వీఆర్వోని చేసిన మనిషి. రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసింది. ఆ ఏడు కాయ విరగకాసి, కోత అయిపోయి, కల్లంలో ఎండబెట్టడానికి సిద్ధంగా ఉంది. అక్క లేవగానే ఆదిశేషు తల వంచుకుని కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"అయ్యా, పైకి కనపడే ఎరుపు సరే. లోపలుండే ఎరుపు సంగతేంది?" అని అడిగింది పూర్ణమ్మ.

"లోపలంటే?"

"మడిసి లోపలండీ. ఒంట్లో ఉండేది."

తహసీల్దారు ఒక్క క్షణం ఆలోచించాడు. "భూమి పైన ఉన్నది మీది, లోపలున్న బొగ్గూ బంగారం ప్రభుత్వానివి. ఇదీ అంతే," అన్నాడు. న్యాయంగానే ఉందని ముందు వరసలో పెద్దలు తలూపారు.

"పోనీ, నా కాయ ఎండి మిర్చి యార్డుకి పోయిందాకా ఆగండయ్యా. ఎరుపు చూసే గదా కొనేది. ఎరుపు పోతే తాలు కాయంటారు, పావలా వంతు గూడా రాదు."

ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది వీఆర్వో. ఆదిశేషు లేచి నిలబడి, అక్క మొహం వైపు కాకుండా ఆవిడ వెనకున్న గోడ వైపు చూస్తూ చదివాడు. పొలం మీద రంగు హక్కు పట్టాదారుది. పట్టాదారు హైదరాబాదు నించి ఫోన్లోనే ఒప్పుకున్నాడు. కౌలుదారుకి పంట మీద హక్కుంటుంది కానీ పంట రంగు మీద ఉండదు. కాబట్టి అభ్యంతరం చెప్పడానికి బసవపూర్ణమ్మ అనే వారికి అర్హత లేదు.

"అనే వారంట," అని గొణుక్కుంటూ పూర్ణమ్మ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే ఆదిశేషు అన్నం తిన్నాడు. సభలో ఏమన్నా, తమ్ముడు పస్తుండకూడదు గదా. అక్క కొత్త పచ్చడి వేసి నెయ్యి పోసింది. పళ్ళెంలో ఆ ఎరుపు చూస్తూ అతను తహసీల్దారు గారితో మాట్లాడి చూస్తానన్నాడు. మాట్లాడాడు కూడా. తహసీల్దారు మర్యాదగానే విన్నాడు. "మనం మిరపకాయలు తీసుకోవడం లేదు కదయ్యా శేషూ! కాయలు ఆవిడవే. కారం ఆవిడదే, గింజలు ఆవిడవే, తొడిమలు కూడా ఆవిడవే. ఇంతకన్నా ఏ ప్రభుత్వం వదుల్తుంది చెప్పు?" అన్నాడు. ఆదిశేషు సరేనండీ అని వచ్చేశాడు.

సేకరణ వ్యాను ఎర్రటి ఎండలో వచ్చి రచ్చబండ దగ్గర ఆగింది. దాని మీద పొరలాంటి గాజుపలక ఒకటి గొడుగులా విప్పారు. ముందు కోళ్ళ జుట్లు పోయాయి. తర్వాత ఇళ్ళ పెంకులు, ఆడవాళ్ళ బొట్లు, పోస్టు డబ్బా, ఎండబోసిన మిరపకల్లాలు వరసగా బూడిదరంగులోకి మారాయి. పొయ్యి మీదున్న కుండ దింపినంత సేపు కూడా పట్టలేదు. డాక్టర్ సుచరిత మీటరు చూసి, ఒక్కచోట లెక్క తగ్గిందని చెప్పింది.

తగ్గింది పూర్ణమ్మ కల్లంలో. తెల్లారకముందే ఆవిడ కాయనంతా ఒకచోట కుప్పపోసి, దానిమీద నల్ల పట్టా కప్పి, అంచుల వెంబడి రాళ్ళు పెట్టి, పైనెక్కి కూర్చుంది. సుచరిత వచ్చి చూసి చాలాసేపు ఆలోచించింది. చీకట్లో ఉన్నదానికి రంగుండదు. ఎరుపంటే కాయలో దాక్కున్న వస్తువు కాదు, వెలుగు తగిలి తిరిగొస్తే కనపడేది. లేని రంగుని సేకరించడం శాస్త్రప్రకారం కుదరదని ఆవిడ నిజాయితీగా చెప్పింది. రెవెన్యూ వాళ్ళు ఆ కుప్పని పెండింగులో పెట్టారు.

ఊరు మాత్రం మామూలుగానే నడిచింది. స్కూల్లో ఎర్రసిరా కనపడక తప్పులు తేలలేదు, పదో తరగతి మొత్తం పాసయింది. పూర్ణమ్మకి మద్దతుగా వచ్చిన ఎర్రజెండా పార్టీ వాళ్ళ జెండాలు పొలిమేరలోనే బూడిదరంగైపోయాయి. తాము ఎవరో ఊరివాళ్ళకి రుజువు చేసుకోవడానికే వాళ్ళకి పొద్దు గడిచిపోయింది. మందలించడానికొచ్చిన జాయింట్ కలెక్టరు ఎంత ప్రయత్నించినా కళ్ళెర్రజేయలేకపోయాడు. చివరికి నవ్వి వెళ్ళిపోయాడు. చాలా సౌమ్యుడని ఊరంతా చెప్పుకున్నారు.

పట్టా కింద మాత్రం చిక్కు పెరుగుతోంది. కాయ పూర్తిగా ఎండలేదు. ఎండాలంటే పట్టా తియ్యాలి, తీస్తే రంగు పోతుంది. తియ్యకపోతే కాయ మగ్గి బూజు పడుతుంది. చీకటిపడ్డాక లారీలో వేసి పచ్చిపచ్చిగానే ఊరు దాటించి, అవతల ఎక్కడైనా ఆరబోద్దామంటే పొలిమేరలో చెక్‌పోస్టు పెట్టారు, ఎరుపు అక్రమ రవాణా జరక్కుండా. ఆ చెక్‌పోస్టు బాధ్యత ఆదిశేషుది.

పూర్ణమ్మ కుప్ప మీంచి దిగకుండానే తమ్ముణ్ణి పిలిపించింది. పట్టా అంచు కాస్త ఎత్తి లోపలికి చెయ్యి పెట్టమంది. ఆదిశేషు పెట్టాడు. లోపల వేడిగా, చెమ్మగా ఉంది.

"చూశావా? కాయ ఉడికిపోతంది," అంది. "మాపటేల లారీ వస్తది. ఒక్క గంట నువ్వు టీకి పోరా శేషూ. అంతే నేనడిగేది. నిన్ను ఇంతవాణ్ణి చేసినందుకని నేనెప్పుడన్నా ఏమన్నా అడిగానా?"

"చూద్దాం అక్కా," అన్నాడు ఆదిశేషు.

ఆ మాట అతను రోజూ వందమందితో అంటాడు. రేషను కార్డుల వాళ్ళతో, పాసుపుస్తకాల వాళ్ళతో, కులం సర్టిఫికెట్ల వాళ్ళతో. అక్కకి ఆ సంగతి తెలుసు. అయినా తనకి చెప్పేటప్పుడు దాని అర్థం వేరుగా ఉంటుందనుకుంది. నిజానికి ఆదిశేషు కూడా అలాగే అనుకున్నాడు. టీకి వెళ్దామనే అనుకున్నాడు. కానీ ఆ సాయంత్రం తహసీల్దారు ఫోన్ చేసి, పరిశోధన కేంద్రం ప్రారంభోత్సవానికి తేదీ ఖరారైందని, పెండింగు కుప్ప సంగతేమిటని అడిగాడు. పై అధికారి అడిగినప్పుడు తెలిసింది చెప్పడం ఆదిశేషుకి ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఉన్న అలవాటు. లారీ సంగతి చెప్పేశాడు. చెప్పాక ఫోన్ జేబులో పెట్టుకుని, తను ఇప్పుడేం చేశాడో అర్థమై, అక్కడే రోడ్డు పక్కన కూలబడిపోయాడు. ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చి, డ్యూటీలో ఉన్నానని గుర్తొచ్చి లేచాడు.

లారీని రాత్రే పొలిమేరలో ఆపేశారు. పొద్దున్నే మహిళా పోలీసులతో సహా అందరూ కల్లానికొచ్చారు. పూర్ణమ్మ పట్టా వదల్లేదు. వాళ్ళటు లాగారు, ఆవిడిటు లాగింది. మధ్యలో తమ్ముణ్ణి చూసింది. చూసిన ఆ క్షణంలో ఆవిడ చేతులు సడలాయి. పట్టా ఒక్కసారిగా ఊడొచ్చింది. కుప్పంతా ధగధగమని ఎర్రగా మెరిసింది. అంత ఎరుపు చూసి ఎన్నాళ్ళయిందోనని అందరూ నోళ్ళు తెరిచి చూశారు. అంతలోనే అది ఆరిపోయి బూడిదరంగైంది. సుచరిత మీటరు చూసి, లెక్క సరిపోయిందంది.

పూర్ణమ్మ పక్కకి తూలిపడి కల్లం గట్టు రాయికి నుదురు కొట్టుకుంది. కణత పక్కన చీరుకుపోయి, చెంప మీదుగా మెడ దాకా ధారగా కారుతోంది. బూడిదరంగులో కారుతోంది.

పంచనామా రాయాల్సింది ఆదిశేషే. ఎవరికైనా గాయాలయ్యాయా అన్న చోట పెన్ను ఆగింది.

"ఏం కారుతోంది?" అనడిగాడు తహసీల్దారు.

"రక్తమండీ."

"ఎర్రగా ఉందా?"

ఆదిశేషు అక్క మొహం దగ్గరగా వంగి చూశాడు. అతను ఉద్యోగంలో ఎప్పుడూ కళ్ళతో చూడనిది రాయలేదు. "లేదండీ. బూడిదరంగులో ఉంది."

"మరి అలాగే రాయి. ఉన్నది ఉన్నట్టు రాయమనే కదా నేను చెప్పేది."

నుదుటి నించి బూడిదరంగు ద్రవం కొద్దిగా కనిపించిందనీ, రక్తస్రావం ఏమీ లేదనీ, సేకరణ ప్రశాంతంగా ముగిసిందనీ ఆదిశేషు రాశాడు. తర్వాత తన తువ్వాలు చింపి అక్క తలకి కట్టు కట్టాడు. ఆవిడ కట్టించుకుంది. ఆ వారం కాయ ఎండింది. యార్డులో తాలు కింద తీసుకున్నారు.

ప్రారంభోత్సవానికి ఊరివాళ్ళని బస్సుల్లో తీసుకెళ్ళి, ఎరుపు దాతలని పేరు పెట్టి వెనక వరసల్లో కూర్చోబెట్టారు. పూర్ణమ్మకి కూడా శాలువా కప్పారు. ఆదిశేషు ఆవిడ పక్కనే కూర్చున్నాడు. మంత్రిగారు మీట నొక్కగానే హాల్లో దీపాలారిపోయి, వేదిక ఈ చివర నించి ఆ చివరికి సన్నని ఎర్రటి గీత ఒకటి వెలిగింది. వణకలేదు, పక్కకి జరగలేదు. డాక్టర్ సుచరిత కళ్ళు తుడుచుకుంది. పదేళ్ళ కష్టం మరి.

పూర్ణమ్మ ముందుకి వంగి ఆ గీత వైపే చూసింది. చూస్తూ చూస్తూ చెయ్యెత్తి నుదుటి కట్టు తడుముకుంది.

"శేషూ, అది నాదిరా," అంది మెల్లిగా.

"కాయదా అక్కా?"

"కాయదో, ఇదో. ఏదైతేనేం, నాదే." మళ్ళీ కాసేపటికి, "బాగా వెలుగుతంది," అంది.

ముందు వరసలో ఎవరో మొదలుపెడితే హాలంతా అందుకుంది. ఆదిశేషు కూడా చప్పట్లు కొట్టాడు. పక్కన అక్క ఉందని ఆపలేదు, పక్కన అక్క ఉందనే ఇంకా గట్టిగా కొట్టాడు. చాలాసేపు కొట్టాడు. దీపాలు వెలిగాక అరచేతులు భగ్గున మండుతుంటే విప్పి చూసుకున్నాడు. ఎక్కడా ఎర్రబడలేదు.