ఏడో చక్రానికి రంగు లేదు

"ఇకమీదట మన ప్రభుత్వాసుపత్రుల్లో రోగులకు తిండి పెట్టం. వాళ్ల చక్రాలకు పెడతాం" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించిన రోజున నేను ఆనందం పట్టలేకపోయాను. మా మామగారు అప్పటికే ప్రభుత్వాసుపత్రిలో ఉన్నారు. తుంటి విరిగితే విరిగింది గానీ, ఇంతటి పథకం మొదటి రోజే మన ఇంటి మనిషికి అందడమంటే మాటలా?

మంత్రిగారికి ఈ ఆలోచన ఊరికే రాలేదు. ఆమధ్య అజీర్తి చేసి ఒక ఖరీదైన విశ్రాంతి కేంద్రానికి వెళ్లారు. అక్కడి గురువు ఆయన పొట్ట మీద చెయ్యి వేసి, "మీరు తిన్నది మీకు చేరడం లేదు. చక్రాల దగ్గర ఎక్కడో ఆగిపోతోంది" అన్నాడట. మంత్రిగారు తిన్నదంతా ఎటు పోతోందని ప్రతిపక్షం ఎన్నాళ్లుగానో అడుగుతోంది. ఇంత తేలికైన జవాబు ఉందని ఎవరికీ తట్టలేదు.

ప్రెస్ మీట్‌లో ఒక విలేకరి లేచాడు. "చక్రానికీ తిండికీ సంబంధం ఏంటండీ?"

"రంగు" అన్నారు మంత్రిగారు. "ఎర్ర చక్రానికి ఎర్ర తిండి, ఆకుపచ్చ చక్రానికి ఆకుపచ్చ తిండి. ఇందులో అర్థం కానిదేముంది?"

"మరి ఆకలి సంగతి?"

"ఆకలికి రంగు లేదు. అందుకే అది మా పథకం పరిధిలోకి రాదు."

పథకానికి సలహాదారు కావాలి కదా. దేశమంతా గాలించి, చివరికి తన బావమరిదినే నియమించారు. బంధుప్రీతి అని గిట్టనివాళ్లు అన్నారు. అది అన్యాయం. బావమరిదికి రంగులతో పదిహేనేళ్ల అనుభవం ఉంది. ఆయనది పెయింట్ల దుకాణం.

బావమరిది దుకాణంలోంచి ఒక షేడ్ కార్డు తెచ్చాడు. గోడకి ఏ రంగు వేయాలో చూసి ఎంచుకోవడానికి ఇస్తారే, ఆ అట్టముక్క. దాని మీద ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ముదురు నీలం వరసగా అతికించి ఉన్నాయి. ఏడోది రాలిపోయింది. జిగురు మరక మాత్రం మిగిలింది.

"ఏడోది ఏదిరా?" అన్నారు మంత్రిగారు.

"ఊడిపోయింది బావా."

మంత్రిగారు ఆ మరకనే చాలాసేపు చూశారు. "ఊడిపోవడం కాదురా. సహస్రారం అంటే నడినెత్తిన ఉండే చక్రం. అన్నిటికంటే పైది. దానికి రంగెందుకుంటుంది? రంగు లేదంటే తిండి కూడా లేదన్నమాట. వెలుతురు, నీళ్లు!"

బావమరిది కళ్లు చెమర్చాయి. ఆ కార్డుని అచ్చు కొట్టించి ఆసుపత్రుల వంటగదులన్నిటికీ పంపారు. ఏడో గడిలో జిగురు మరకతో సహా.

మా మామగారు రిటైరైన డ్రిల్లు మాస్టారు. మనిషి ముక్కుసూటి, తిండి పుష్టి. బల్బు మార్చడానికి స్టూలెక్కి, మాకెవరికీ చెప్పకుండా కింద పడ్డారు. తుంటి ఎముక విరిగింది. సర్జన్ చూసి, "ఆపరేషన్ చెయ్యాలి. కానీ మనిషి బాగా నీరసించాడు. ఒంట్లో కాస్త బలం చేరితే గాని నేను కత్తి పట్టను. బాగా తినిపించండి" అన్నాడు. ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుని ఇక నడవలేరని కూడా అన్నాడు. బీపీ ఉంది కాబట్టి ఉప్పు తగ్గించమన్నాడు.

ఎముకల వార్డుది మూలాధార చక్రం, అంటే ఎరుపు. కార్డు వచ్చిన మర్నాటి నుంచి బీట్‌రూట్, టమాటా, ఎర్ర ముల్లంగి వచ్చాయి. అన్నం తెల్లగా ఉంటుంది కాబట్టి బీట్‌రూట్ నీళ్లలో వండారు. వంటవాడు గరిటె ఎత్తి షేడ్ కార్డు పక్కన పెట్టి చూసి, రంగు కలిస్తేనే వడ్డించేవాడు. గుడ్డు నిషేధం. పైన తెలుపు, లోపల పసుపు. ఒకే తిండి రెండు చక్రాల మధ్య తగువు పెడుతుందని సర్క్యులర్ వచ్చింది. వంటగదిలో సగం పొయ్యిలు ఆర్పేశారు. పొదుపు కోసం కాదు, అగ్ని తత్వం మితిమీరుతోందని.

"ఏమోయ్ అల్లుడూ, ఇది అన్నమా, గాయం కడిగిన నీళ్లా?" అన్నారు మామగారు పళ్లెం చూసి.

"మీ మూలాధారానికి మంచిదండీ."

"దాని సంగతి తర్వాత. ముందు నా కడుపు సంగతి చూడు."

మా ఆవిడ ఊరుకునే రకం కాదు. పప్పు, అన్నం, గుడ్డు కూర వండి టిఫిన్ కారియర్‌లో సర్దింది. నాన్న ఆరోగ్యం కదా, ఉప్పు వెయ్యీ వెయ్యనట్టు వేసింది. ఇద్దరం వెళ్లాం. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు ఆపాడు.

"బయటి తిండి లోపలికి పోదమ్మా. చక్రాలు చెడతాయి."

"మా నాన్న చక్రాలు నాకు తెలియవా బాబూ? చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను."

"అలా కాదమ్మా. కారియర్ ఇలా ఇవ్వండి. సలహాదారుగారి గదికి పోతుంది. ఆయన పరీక్ష చేసి, సరిపోతుందనుకుంటే పేషెంటుకే పంపిస్తారు."

మా ఆవిడ ఇచ్చేసింది. పేషెంటు దగ్గరికి ఒక్కరినే పంపుతారు కాబట్టి నేను లోపలికి వెళ్లాను. మామగారికి కూర అందలేదు. సాయంత్రం కారియర్ మాత్రం గేటు దగ్గర మాకు తిరిగొచ్చింది. మా ఇంట్లో కూడా అంత శుభ్రంగా తోమరు. పరిశోధన ఎంత లోతుగా జరిగిందో గిన్నె అడుగు చూస్తే తెలిసింది.

"అందలేదు" అని మా ఆవిడతో ఉన్నమాటే చెప్పాను.

"రేపు మళ్లీ పంపుతాను. ఒక్కరోజైనా చేరకపోతుందా?" అంది. అలా రోజూ వండుతూనే ఉంది.

మామగారు ఓపిక పట్టే మనిషి కాదు. రౌండ్స్‌కి వచ్చిన సూపరింటెండెంటుగారిని ఆపి, "అయ్యా, ఆకలేస్తోంది" అని గట్టిగా చెప్పేశారు.

సూపరింటెండెంటుగారు వెంటనే స్పందించారు. ఇంత చురుకైన అధికారిని నేను చూడలేదు. ఆకలిని గొంతెత్తి చెప్పడం గొంతులో ఉండే విశుద్ధ చక్రం అదుపు తప్పిందనడానికి గుర్తట. మామగారిని విరిగిన తుంటితో సహా గొంతు వార్డుకి మార్చారు. అక్కడ నీలం తిండి. నీలంగా ఉండే తినుబండారం బజారంతా వెతికినా దొరకలేదు కాబట్టి గంజిలో నీలం రంగు కలిపారు. రెండు గ్లాసులు తాగేసరికి మామగారి నాలుక, పెదాలు నీలంగా మారాయి. కొత్తగా చేరిన డాక్టరమ్మ చూసి, ఊపిరి అందడం లేదని హడలిపోయి ఆక్సిజన్ పెట్టించింది. మాస్కు ఉన్నంతసేపు మామగారు తిట్టింది ఎవరికీ వినపడలేదు. గొంతు చక్రం కుదుటపడిందని కేస్ షీటులో రాశారు.

మాస్కు తీశాక ఆయన ఫిర్యాదు రాసి నా చేత పంపారు. "నోటితో చెప్పినవాడు కాస్తా ఆలోచించి రాసే దశకి వచ్చాడు. ఎంత ఎదిగాడయ్యా మీ మామగారు!" అంటూ సూపరింటెండెంటుగారు నా భుజం తట్టారు. ఆ పూటే మామగారిని ఆరో చక్రం కూడా దాటించి ఏకంగా సహస్రార వార్డులో వేశారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఒక్క ప్రమోషన్ కూడా రాని మనిషికి వారం తిరక్కుండా ఇంత గౌరవం.

సహస్రార వార్డు ప్రశాంతంగా ఉంది. అందరూ ఏదో ఒక వార్డులో ఆకలని అన్నవాళ్లే. మంచాలన్నీ కిటికీల వైపు తిప్పి ఉన్నాయి. పక్కన గ్లాసుతో నీళ్లు. మధ్యాహ్నం కాగానే నర్సు వచ్చి కర్టెన్లు పక్కకి లాగేది. అదే భోజనం.

"ఇవాళ కాస్త మబ్బుగా ఉంది. అరకడుపే. సర్దుకోండి" అంది మొదటి రోజు.

"ఆరుబయట మంచం వేస్తే రెండో వడ్డనేమో!" అన్నారు మామగారు. ఆ తర్వాత ఆయన జోకులు తగ్గాయి. మాటలూ తగ్గాయి. గడ్డం కింద చర్మం వేలాడింది. ఒకప్పుడు ఆయన కేకేస్తే మైదానం ఆ చివర ఉన్నవాళ్లు కూడా ఉలిక్కిపడేవారు. ఇప్పుడు నీళ్లు కావాలంటే చేత్తో సైగ చేస్తున్నారు. నాకు గుండెల్లో కలుక్కుమంది. కానీ ఆసుపత్రి ముందు "ఆకలి ఫిర్యాదులు: సున్నా" అని బోర్డు పెట్టారు. అంత పెద్ద విజయం ముందు నా గుండె ఎంత?

ఆ విజయం చూడటానికి మంత్రిగారే వచ్చారు. వెనక బావమరిది, పక్కన సూపరింటెండెంటు, చుట్టూ కెమెరాలు. సరిగ్గా మామగారి మంచం దగ్గర ఆగారు.

"ఎలా ఉంది పెద్దాయనా?"

మామగారు కళ్లు తెరిచి మంత్రిగారిని పొట్ట నుంచి పైకి చూశారు. ఆ చూపు నాకు తెలుసు. పెళ్లిచూపుల్లో నన్నూ అలాగే చూశారు.

"స్వర్గానికి పక్క వీధిలో ఉన్నట్టుంది బాబూ. కానీ ఒక్కటే లోటు. ఇంత పెద్ద చక్రం మాలాంటి అర్భకులకి దక్కింది. తమరు ఒక్కరోజు ఇక్కడ పడుకుంటే జన్మ ధన్యమవుతుంది."

విలేకరులు చప్పట్లు కొట్టారు. మంత్రిగారు బావమరిది వైపు చూశారు. బావమరిది షేడ్ కార్డు వైపు చూశాడు. కెమెరాలు మంత్రిగారినే చూస్తున్నాయి.

"తప్పకుండా! రేపు పొద్దుటి దాకా ఇక్కడే ఉంటాను. నీళ్లు తప్ప ఏమీ ముట్టను" అన్నారు మంత్రిగారు. త్యాగమంటే అది.

మామగారి పక్కనే మంచం వేసి, ధ్యానానికి వీలుగా చుట్టూ తెర కట్టారు. మధ్యాహ్నమంతా తెర వెనక నుంచి కడుపులో పేగులు అరిచిన చప్పుడు వచ్చింది. నేను దాన్ని ఓంకారం అనుకున్నాను. పొద్దు వాలుతుండగా బావమరిది చేతిసంచీతో, ముఖ్యమైన ఫైళ్లున్నాయంటూ తెర లోపలికి వెళ్లాడు. కాసేపటికి లోపల స్టీలు గిన్నె మూత తీసిన చప్పుడైంది. ధ్యానానికి ముందు గంట కొడతారని విన్నాను. మంత్రిగారి నిష్ఠకి నాకు ఒళ్లు పులకరించింది.

మామగారి ముక్కుపుటాలు కదిలాయి. అన్ని రోజుల తర్వాత మోచేతుల మీద లేవబోయారు.

"అల్లుడూ... గుడ్డు కూర. మా అమ్మాయిదే. జీలకర్ర కాస్త మాడుస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే." "ఎంత బాగుందోయ్ వాసన! ఎక్కడిది? ఒక్క ముద్ద పెట్టవయ్యా."

వార్డు బయట కాఫీ తాగుతున్న విలేకరులు లోపలికి తొంగి చూశారు. తెర తొలగించుకుని బావమరిది గబుక్కున బయటికొచ్చాడు. "విన్నారా? వార్డులో మెతుకు లేదు, ఈయనకి కూర వాసన వస్తోంది! ముందు వాసన వస్తుంది, తర్వాత రుచి వస్తుంది, చివర్లో కడుపు నిండుతుంది. సహస్రారం విచ్చుకుంటోందండీ!"

అందరూ రాసుకున్నారు. మామగారు తెర వైపే చూస్తూ ఉండిపోయారు. లోపల గిన్నె గీకిన చప్పుడు వచ్చి, ఆగిపోయింది. ఆయన మెల్లగా వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. కొసల నుంచి నీళ్లు కారాయి. నేను నా తువ్వాలుతో తుడిచాను.

మర్నాడు పొద్దున్నే మంత్రిగారు తెర తొలగించుకుని బయటికొచ్చారు. ముఖంలో ఏం తేజస్సు! పొట్ట కూడా కాస్త ముందుకొచ్చింది. "ఒక్క మెతుకు ముట్టలేదు, ఒక్క పిసరు నీరసం లేదు" అని ప్రకటించి చిన్నగా త్రేన్చారు. మామగారిని రాష్ట్రంలోనే మొట్టమొదటి సహస్రార సిద్ధుడిగా గుర్తించి, పడుకున్న మనిషి చొక్కాకి పతకం గుచ్చారు. పథకాన్ని బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా విస్తరిస్తామన్నారు.

వాళ్లు వెళ్లాక సర్జన్ వచ్చాడు. మామగారి కనురెప్ప కిందకి లాగి చూసి, చెయ్యి పట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఈ స్థితిలో ఆపరేషన్ చేస్తే బల్ల మీదే పోతాడు. వాయిదా వేస్తున్నాను. మీరు అసలు తినిపిస్తున్నారా లేదా?" అని నా మీద విసుక్కున్నాడు. నేను పతకం చూపించాను.

నేను గేటు దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ కారియర్ పట్టుకుని నిలబడి ఉంది. గార్డు అలవాటుగా చెయ్యి చాచి అందుకున్నాడు. మూత కాస్త ఎత్తి చూసి, మళ్లీ పెట్టేశాడు.

"అమ్మా, పైనుంచి ఆర్డరొచ్చింది. రేపటి నుంచి ఉప్పు కొంచెం ఎక్కువ వెయ్యమన్నారు."

మా ఆవిడ చేతులు కారియర్ ఇంకా పట్టుకున్నట్టే ముందుకే ఉండిపోయాయి.

"మా నాన్న... ఒక్క ముద్దైనా తిన్నాడా బాబూ?"

"తినలేదమ్మా" అన్నాడు గార్డు. "వాసన మాత్రం బాగుందన్నారట."