తడపని బట్ట

మొదటి మెట్టు ఎగ్గొట్టి పనిలోకి దూకేవాళ్ళను తిట్టకండి, దండ వేయండి. చదువు చెప్పడంలో స్కిప్ బటన్‌ను మించిన మాస్టారు లేడు!

మా వదిననే చూడండి. కుట్టుమిషను కొనుక్కుని వీడియోలు చూసి నేర్చుకుంటోంది. పట్టుదల ఎక్కువ, ఓపిక తక్కువ. వీడియోలో ఒకావిడ తీరిగ్గా "ముందుగా బట్టను నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి..." అనగానే వదిన వేలు స్కిప్ మీద పడుతుంది. "నేను నేర్చుకునేది కుట్టడం, ఉతకడం కాదు" అంటుంది. తప్పేముంది చెప్పండి?

ఈ పద్ధతిలో ఎంత విద్య అబ్బిందో! కొలవకుండా కుట్టిన కర్టెన్ కిటికీ సగంలోనే ఆగిపోయింది. ఎదురింటివాళ్ళకు ఇప్పుడు మా తలలు కనబడవు, పొట్టలు కనబడతాయి. ఏ వైపు తెరిచి ఉంచాలో గుర్తు పెట్టుకోకుండా కుట్టిన సంచికి నోరే లేదు. దొంగల భయం తీరిపోయింది.

అసలు పాఠం మాత్రం అన్నయ్య చొక్కాది. అన్నయ్య రోడ్ల ఆఫీసులో ఇంజనీరు. మొన్ననే రిటైరయ్యాడు. తను కుట్టిన చొక్కాలోనే ఆయన వీడ్కోలు సభకు వెళ్తాడని వదిన ముందే చుట్టాలందరికీ చెప్పేసుకుంది. అబద్ధమెందుకు, చొక్కా చక్కగా కుదిరింది. సభ ముందు రోజు చాక్ గీతలు పోవాలని ఒక్కసారి నీళ్ళలో వేసి తీసింది. అంతే, బట్ట కుంచించుకుపోయి చొక్కా చేతులు మోచేతుల దగ్గరకొచ్చి కూర్చున్నాయి.

అన్నయ్య దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తాడు. "తడపకుండా ఎవరైనా బట్ట కత్తిరిస్తారా? ముందు చేయాల్సిన పని ముందు చేయాలని ఆ మాత్రం తెలియదా? నలుగురిలోకి ఇది నేను వేసుకోను."

వదిన కళ్ళు చెమర్చాయి. నడుం నొప్పెట్టేలా కూర్చుని కుట్టిందేమో, నాకూ జాలేసింది. ఆవిడ ముక్కు తుడుచుకుని నెమ్మదిగా అడిగింది.

"ఏమండీ, మన వీధి రోడ్డు వేయించింది మీరే కదా? వేశాక పైపులకని తవ్వించిందెవరు? పూడ్చి మళ్ళీ వేశాక, కేబుల్ మర్చిపోయామని తవ్వించిందెవరు?"

అన్నయ్య చొక్కాను భుజాన వేసుకున్నాడు. "సరే, ఇదే వేసుకుంటాను" అన్నాడు.

మర్నాడు ఆ చొక్కాలో ఊపిరి బిగబట్టి, వీధిలో గోతులన్నీ దాటుకుంటూ సభకు వెళ్ళాడు. "తప్పుల నుంచి నేర్చుకోవడంలో ఈయన తర్వాతే ఎవరైనా" అని పై ఆఫీసరు పొగిడాడు. అన్నయ్య ఛాతీ విరిచాడు. రెండు గుండీలు ఎగిరి ముందు వరసలో పడ్డాయి.

వదిన ఇప్పుడు తడపని బట్ట మీద కత్తెర పెట్టడం లేదు. ఒక్క చొక్కాతో నేర్చేసుకుంది.

అన్నయ్య కుర్చీలోకి కొత్త ఇంజనీరు వచ్చాడు. నిన్న మా వీధికి తళతళలాడే తారు వేయిస్తుంటే వదిన గేటు దగ్గర నిలబడి అడిగింది. "బాబూ, కింద వేయాల్సినవన్నీ వేశారా?"

"అవి తర్వాత చూద్దాం లెండమ్మా" అన్నాడు.

తొందరేముంది, ఆయనా నేర్చుకుంటాడు. బట్ట ఎలాగూ మనదే.