బేస్‌బాల్‌లో మెడికల్ అన్‌ఫిట్

గోదావరిఖనిలోని మా కాలనీ వాసులకు సవినయంగా తెలియజేయడమైనది ఏమనగా, రాయమల్లు కాక కొడుకు రుత్విక్ అమెరికాలోని ఒక పెద్ద బేస్‌బాల్ జట్టుకు ఎంపికయ్యాడు. ఇందుకోసం అతను అమెరికా వెళ్లలేదు. మంచం కూడా దిగలేదు. ఎంపిక జరిగింది టీవీకి తగిలించిన గేమ్ మిషన్‌లో. అయినా చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టాం. నెత్తిన హెల్మెట్, భుజాన బ్యాటు, మొహం మాత్రం రుత్విక్ పాస్‌పోర్టు ఫోటోలోది. కింద శుభాకాంక్షలు తెలిపినవారి పేర్లు ముప్పై ఏడు ఉన్నాయి. వారిలో బేస్‌బాల్ అంటే ఏమిటో తెలిసినవారు ఒక్కరూ లేరు.

ఇంత ఘనత ఎలా సాధ్యమైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

రుత్విక్‌కు ముప్పై రెండేళ్లు. బీటెక్ చదివాడు. ప్రస్తుత వృత్తి ఎదురుచూపు. వేరే ఊళ్లలో ఉద్యోగం కావాలంటే కొడుకు పరీక్ష రాయాలి. మా బొగ్గు బెల్టులో పరీక్ష తండ్రికి. ముప్పై ఏళ్లు గనిలో చేసిన తండ్రిని, అరవై ఒకటో ఏట వచ్చే రిటైర్మెంటుకు కనీసం రెండేళ్లు మిగిలుండగానే, పనికిరాడని డాక్టర్ల బోర్డు రాసిస్తే అతని బదులు కొడుక్కి నౌకరి వస్తుంది. దీన్ని అన్‌ఫిట్ కావడం అంటాం. మీ బాపు అన్‌ఫిట్ అయిండట గదా అని ఎవరైనా అడిగితే, దావత్ ఎప్పుడని అర్థం. బయటివాళ్లు తండ్రి ఆరోగ్యం కోసం దేవుడికి మొక్కుతారు. మేమూ మొక్కుతాం, వివరాలు అడగకండి.

రాయమల్లు కాకలో ఉన్న ఒకే ఒక్క లోపం ఆరోగ్యం. ముప్పై నాలుగేళ్లుగా ఆయన పని, భూమి లోపల గని కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం. అంత దుమ్ము మింగిన మనిషికి మర్యాదకైనా ఒక దగ్గు ఉండాలి కదా. లేదు. షుగరు లేదు, బీపీ లేదు. సెలవు దొరికితే గోదావరిలో ఈదేవాడు. పోయినేడు దవాఖానలో పరీక్షలన్నీ చేయించి రిపోర్టులు తెచ్చిన రోజు ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. భార్య సమ్మవ్వ రిపోర్టులు ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి, ఫికర్ చెయ్యకు, వయసు మీద పడుతోంది, ఏదో ఒకటి రాకపోతుందా అని ధైర్యం చెప్పారు. వారిలో మల్లక్క కూడా ఉంది. ఆమె భర్తకు మూడేళ్ల కిందట గుండె ఆపరేషన్ అయింది, కొడుకు ఇప్పుడు కొత్త బండి మీద డ్యూటీకి పోతున్నాడు. మల్లక్క మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లు నోరు మెదపకుండా విన్నారు.

అలాగని దేవుడు మరీ నిర్దయుడు కాదు. కాక కుడిచేతికి ఏడాదిగా చిన్న వణుకు ఉంది. టీ గ్లాసు పట్టుకుంటే రెండు చుక్కలు కింద పడేవి. సమ్మవ్వ ఆ చుక్కలను కళ్లారా చూసుకుని, తర్వాత తుడిచేది. బరువులెత్తితే చెయ్యి బాగుపడుతుందేమోనని నీళ్ల బిందె కూడా ముట్టనిచ్చేది కాదు. ఆ రెండేళ్ల నిబంధన గడువుకు ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి. ఆలోపు బోర్డు కూర్చునేది ఒక్కసారే. ఆ ఒక్కసారి చెయ్యి సరిగ్గా వణికితే రుత్విక్ జీవితం ఒడ్డున పడుతుంది, వణకకపోతే బీటెక్ పట్టా గోడకే ఉంటుంది. వణుకు ముదరాలంటే విశ్రాంతి అవసరమని కాలనీ పెద్దలం కూర్చుని తీర్మానించి, కాక చేత సిక్ లీవు పెట్టించాం.

ఇంట్లో కూర్చోవడంలో రుత్విక్‌కు అప్పటికే రెండేళ్ల అనుభవం ఉంది. ఆ రెండేళ్లూ అతను ఒక బేస్‌బాల్ ఆటగాడిని తయారు చేస్తున్నాడు. ఆట తెలియనివారికి ఒక మాట. అందులో బ్యాటు రోకలిలా గుండ్రంగా ఉంటుంది, మూడుసార్లు గాలిని కొడితే ఇంటికి పంపిస్తారు. మిగతాదంతా మనకు క్రికెట్ చూసినప్పుడు కలిగే అభిప్రాయాలతోనే సరిపెట్టుకోవచ్చు. గేమ్‌లో ముందు ఒక మనిషిని పుట్టించాలి. ముక్కు, జుట్టు, ఎత్తు అన్నీ మన ఇష్టం. రుత్విక్ తనకు లేని ఆరడుగుల ఎత్తు, తనకు లేని భుజాలు ఇచ్చి తన పేరే పెట్టాడు. ఆ మనిషి కింది జట్టులో చేరి, సాధన చేసి, పాయింట్లు సంపాదించి, మధ్య జట్టు మీదుగా పెద్ద జట్టుకు ఎక్కాలి. దాన్నే కెరీర్ అంటారు. రుత్విక్ సాధన జోలికి పోలేదు. మ్యాచ్ వస్తే మిషనే ఆడేసుకునే బటన్ ఒకటి ఉంది, అది నొక్కి టీ తాగడానికి పోయేవాడు. అందువల్ల ఆ ఆరడుగుల మనిషి రెండేళ్లుగా కింది జట్టు బల్ల మీద కూర్చుని పిలుపు కోసం చూస్తున్నాడు. బయట రుత్విక్ మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ఇద్దరికీ బాగా కుదిరింది.

సిక్ లీవు మూడో రోజుకే కాకకు విసుగొచ్చింది. ఈ బల్ల మీద కూర్చున్నవాడు ఎవడని అడిగాడు. రుత్విక్ చెప్పింది విని తన సర్వీసు ప్రకారం అర్థం చేసుకున్నాడు. వీడు బదిలీ వర్కర్, అంటే ఎవరైనా రాని రోజే పని దొరికేవాడు. పర్మనెంటు కావాలంటే హాజరు ఉండాలి, అంటే మస్టర్లు పడాలి. మరి మిషన్ ఆడుతుంటే మస్టర్ వీడికెలా పడుతుంది?

“ఆడకుంట మస్టర్ ఎట్ల పడ్తది రా?” అన్నాడు.

బీటెక్‌లో ఈ ప్రశ్న రాలేదు కాబట్టి రుత్విక్ గేమ్ రిమోటు తండ్రి చేతిలో పెట్టాడు.

మర్నాటి నుంచి కాక ఫస్ట్ షిఫ్టు ఎక్కాడు. పొద్దున ఆరింటికి స్నానం చేసి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని టీవీ ముందు కూర్చునేవాడు. రెండింటికి దిగేవాడు. ముందు సాధన, తర్వాత మ్యాచ్. గేమ్‌లో ఏడాదికి నూట అరవై రెండు మ్యాచులు, ఒక్కటీ మిషన్‌కు వదల్లేదు. మొదటి వారం బ్యాటు గాలినే కొట్టింది. రెండో వారం నుంచి బంతికి తగలడం మొదలైంది. గని లోపల టోపీ దీపం వెలుతురులో కప్పు ఎక్కడ మట్టి రాలుస్తుందో చూస్తూ బతికిన కళ్లు అవి. అక్కడ అర సెకను ఆలస్యమైతే మనిషి ఉండడు. అలాంటి మనిషికి బంతి ఎటు వంపు తిరుగుతుందో పసిగట్టడం పెద్ద పనేమీ కాలేదు. రెండు నెలల్లో ఆరడుగుల రుత్విక్ మధ్య జట్టు దాటి పెద్ద జట్టులో పడ్డాడు. ఫ్లెక్సీ అప్పుడు కట్టిందే.

సన్మాన సభకు మా యూనియన్ నాయకుడు సంపత్ తెల్లబట్టల్లో వచ్చాడు. బొగ్గు బిడ్డలు భూగర్భంలోనే కాదు, అవసరమైతే టీవీగర్భంలో కూడా సత్తా చాటగలరని ఈ విజయం నిరూపించిందని ఆయన ప్రసంగించాడు. క్రమశిక్షణ, పట్టుదల, కఠోర శ్రమ ఈ మూడింటికీ ప్రతిరూపమైన యువకుడు అంటూ శాలువా తీసుకెళ్లి రుత్విక్‌కు కప్పాడు. రుత్విక్ వినయంగా తల వంచాడు. కాక వెనక వరసలో కుర్చీలు సర్దుతున్నాడు. రామకృష్ణాపూర్ నుంచి ఒక సంబంధం వాళ్లు కూడా వాకబు చేశారు. ఆ అమెరికా నౌకరి పర్మనెంటేనా అని మాత్రం అడిగారు.

ఇలా ఒక కెరీర్ పైకి పోతుంటే రెండోదానికి కూడా మేం ఏ లోటూ రానివ్వలేదు. సాయంత్రాలు మొగిలి వచ్చి కాకకు జబ్బు నేర్పేవాడు. మొగిలి నడుమునొప్పితో అన్‌ఫిట్ అయి నాలుగేళ్లయింది. రోజూ పొద్దున గ్రౌండులో వాలీబాల్ ఆడతాడు, నెట్ దగ్గర ఆయన ఎగిరి కొడితే ఆపేవాడు లేడు. సమాజ సేవగా ఉచితంగా నేర్పిస్తాడు. డాక్టర్ పేరు అడిగితే ఎంతసేపటికి చెప్పాలి, కుర్చీలోంచి లేచేటప్పుడు దేన్ని పట్టుకోవాలి, వణుకు భుజం నుంచి రావాలా మణికట్టు నుంచి రావాలా, అన్నీ వివరంగా చెప్పాడు. మణికట్టు నుంచే రావాలట, భుజం నుంచి వస్తే నటన అని తెలిసిపోతుందట. కాక శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఏ పని చెప్పినా ఆయన అంతే.

ఒకరోజు సమ్మవ్వ టీ ఇచ్చి, అలవాటుగా నేల చూసింది. నేల పొడిగా ఉంది. మర్నాడు కూడా పొడిగానే ఉంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి గ్లాసు అంచు దాకా పోయడం మొదలుపెట్టింది.

బోర్డు రోజున సమ్మవ్వ ఎదురొచ్చి బొట్టు పెట్టి పంపింది. బల్ల అవతల ముగ్గురు డాక్టర్లు. మధ్యలో భావ్య గారని మంథని ఆవిడ, వయసు చిన్నదే కానీ మనిషి చాలా నెమ్మది. కాక మొగిలి చెప్పినట్టే వచ్చాడు, చెప్పినట్టే కూర్చున్నాడు, మణికట్టు నుంచి వణికాడు. ఇంతవరకు మా కాలనీ చరిత్రలో అంత చక్కగా వణికినవాడు లేడని తోడు వెళ్లిన మొగిలి ఇప్పటికీ చెబుతాడు. డాక్టరమ్మ ఫైలు అందుకోబోతే మోచెయ్యి తగిలి బల్ల అంచున ఉన్న గాజు పేపర్‌వెయిట్ దొర్లింది. ముగ్గురు డాక్టర్లూ అయ్యో అనేలోపు అది కాక కుడిచేతిలో ఉంది. నేలకు జానెడు ఎత్తులో పట్టేశాడు. తీసి జాగ్రత్తగా బల్ల మధ్యలో పెట్టాడు. తర్వాత గుర్తొచ్చి మళ్లీ వణకడం మొదలుపెట్టాడు.

డాక్టరమ్మ ఆయన వణకడం పూర్తయ్యేదాకా ఓపికగా ఆగింది.

“మీకు ఏ జబ్బూ లేదు రాయమల్లు గారూ. సంతోషంగా ఇంటికి వెళ్లండి” అంది.

ఇంటికి వెళ్లడం వరకే ఆయన చేతిలో ఉంది. బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చుని తన అరచెయ్యి చూసుకున్నాడని, ఒకసారి నవ్వుకున్నాడని, వెంటనే సిగ్గుపడి చెయ్యి జేబులో పెట్టుకున్నాడని మొగిలి వచ్చి చెప్పాడు. ఇంట్లో సమ్మవ్వ ఏడ్చింది. రుత్విక్ రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. ఏమయిందని అడిగినవారందరికీ కాక ఒకటే చెప్పాడు, “చెయ్యి ఆగలే.” మేమంతా వెళ్లి పరామర్శించి వచ్చాం. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ముప్పై నాలుగేళ్లు భూమి లోపల పనిచేసిన మనిషి, నిక్షేపంగా ఉన్నాడని ముగ్గురు డాక్టర్లు సంతకాలు చేసి ఇస్తే బాగుందన్నవాడు మాలో ఒక్కడు లేడు. నేనూ అనలేదు. మల్లక్క మాత్రం పాపం, సమ్మవ్వ కోసం కూర వండి పంపింది.

కాక మళ్లీ డ్యూటీ ఎక్కాడు. మధ్యాహ్నం వచ్చి స్నానం చేసి ఓ రెండు మ్యాచులు ఆడేవాడు. పది రోజులకు గేమ్‌లో ఘోరం జరిగింది. బంతి కోసం దూకిన ఆరడుగుల రుత్విక్ భుజం నరం తెగింది. తెర మీద రెండు దారులు వచ్చాయి. వైద్యం చేయించి ఏడాదిపాటు కూర్చోబెట్టడం ఒకటి, ఆటకు పనికిరాడని ఇంటికి పంపించడం రెండోది.

ఆ రెండోది చదివి వినిపించగానే ఇల్లు వెలిగిపోయింది. చాలా రోజుల తర్వాత సమ్మవ్వ మొహంలో నవ్వు చూశాం. అన్‌ఫిట్ పెట్టించు, వాని కొడుకన్నా ఒడ్డున పడతాడు అంది. సంపత్ వచ్చి ఇది చారిత్రక అవకాశమన్నాడు. మొగిలి వచ్చి, భుజమే కదా, గట్టి కేసు అన్నాడు. కాక ఒక్కడే అడ్డం తిరిగాడు.

“ఒక్క ఏడాది పండుకుంటే బాగయితడు. ఆగుండ్రి” అన్నాడు.

మర్నాడు ఆయన ఫస్ట్ షిఫ్టుకు పోగానే అందరం చేరాం. రుత్విక్ బటన్ నొక్కాడు. తెర మీద ఆటగాడు టోపీ తీసి చెయ్యి ఊపాడు, జనం చప్పట్లు కొట్టారు, కొట్టిన పరుగుల లెక్క వచ్చింది, తెర నల్లబడింది. మేం కొడుకు కోసం చూశాం. కొత్త ఆటగాడిని తయారు చేసుకోండి, మొదటి నుంచి మొదలుపెట్టండి అని వచ్చింది. రుత్విక్ బటన్లన్నీ నొక్కి వెతికాడు. వారసుడి నౌకరి అన్న మాట ఎక్కడా లేదు.

రెండున్నరకు కాక వచ్చాడు. మొహాన ఇంకా బొగ్గు ఉంది. నల్లగా ఉన్న టీవీని చూశాడు, మమ్మల్ని చూశాడు. రుత్విక్ తలదించుకున్నాడు.

“నన్నంటే అడుగలే. సరే. వాన్నన్న అడిగిండ్రా?” అన్నాడు.

సంపత్ కల్పించుకుని, జరిగిన అన్యాయాన్ని ఇంతటితో వదలబోమని ప్రకటించాడు. అక్కడికక్కడే ఆ గేమ్ తయారు చేసినవాళ్లకు వినతిపత్రం రాశాం. మనిషి భుజం పాడైతే కొడుక్కి ఏమీ దక్కని చోట మనిషి ఆరోగ్యానికి ఏం విలువ ఇస్తున్నట్టని అందులో గట్టిగా నిలదీశాం. బేస్‌బాల్‌లో వారసత్వ ఉద్యోగాలు వెంటనే ప్రవేశపెట్టాలని కోరాం. మొదటి సంతకం నాదే. కాలనీలో నూటపద్నాలుగు సంతకాలు పడ్డాయి. రాయమల్లు కాకను కూడా అడిగాం. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, కాగితం మొత్తం నిదానంగా చదివి, మడిచి నా చేతికే ఇచ్చాడు.

“వాడు బాగయ్యేటోడు రా” అన్నాడు.

ఆ మాట ఏ పేరాలో చేర్చాలో మాకెవరికీ తెలియలేదు. కాగితం ఉన్నదున్నట్టే పంపించాం.