జిలానీ బాషా డేగిసాకి మూత

వృత్తం చుట్టుకొలత తెలిసినప్పుడు దాని వ్యాసం కనుక్కోవడం ఎలా అనే అంశంపై మా బస్తీ సంక్షేమ సంఘం అత్యవసర సర్వసభ్య సమావేశం జరిపి, ఏకగ్రీవంగా రెండు వర్గాలుగా చీలిపోయిందని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. విశాఖపట్నం మొత్తం మీద ఇంత చదువుకున్న బస్తీ మరొకటి లేదని ఈ సందర్భంగా మనవి.

అసలు సంగతి ఇది. పూర్ణా మార్కెట్ వెనక సందులో జిలానీ బాషా అని వంటమాస్టరున్నాడు. పాత పట్నంలో ఎవరింట పెళ్లయినా, అది మసీదుకెళ్లే ఇల్లయినా చర్చికెళ్లే ఇల్లయినా, బిర్యానీ మాత్రం ఆయనదే. ఆయనకో పెద్ద రాగి డేగిసా ఉంది. మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరిచి, మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తి, మూత మీద నిప్పులు పోస్తాడు. దాన్నే దమ్ అంటారు. ఆవిరి పోయిందా, ఇక దాన్ని బిర్యానీ అనక్కర్లేదు, పులావు అని కూడా అనలేం. కాబట్టి బిర్యానీలో సగం గొప్పతనం మూతదే.

ఆ మూత ప్రజాసేవలో అమరమైంది. మొన్న వానాకాలంలో సందు మొదట్లో ఉన్న మ్యాన్‌హోల్ మూతని ఎవరో ఎత్తుకుపోయారు. మా సంఘం వెంటనే స్పందించి, జిలానీ బాషా ఇంట్లో లేని సమయం చూసి, డేగిసా మూత తెచ్చి దాని మీద కప్పి, చుట్టూ నిలబడి ఫొటో దిగింది. మర్నాడు ఇసుక లారీ ఒకటి దాని మీదుగా వెళ్లింది. మూత సగానికి మడిచిన దోసెలా అయింది. దాన్ని పాత ఇనపసామాన్ల బండికి వేసేసి, ఆ డబ్బుతో సంఘం సభ్యులు సంతాప సూచకంగా టీ తాగారు.

సరిగ్గా అప్పుడే జిలానీ బాషా కూతురు మెహక్‌కి పెళ్లి కుదిరింది. పెళ్లివారిది కాకినాడ. ఊరందరి పిల్లల పెళ్లిళ్లకీ ఆ డేగిసాలో వండినవాడు సొంత పిల్ల పెళ్లికి అద్దె గిన్నెలో వండుతాడా? వండనన్నాడు. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ ఆయన ఈ ఒక్క బిర్యానీ గురించే కలలు కన్నాడని ఆయన భార్య జైతూన్ బీ అందరికీ చెప్పింది. చెప్పడం మామూలుగానే చెప్పింది గానీ, మూత లేని ఆ డేగిసాని చూస్తుంటే మాకే మనసు చివుక్కుమంది. కొత్త మూత చేయించే బాధ్యత సంఘం భుజాన వేసుకుంది. బాధ్యత భుజాన వేసుకోవడంలో మా సంఘానికి మంచి అనుభవం ఉంది.

ఆటోనగర్‌లో రేకు పని చేసే షెడ్డు వాళ్లని అడిగితే, డయా, అదే వ్యాసం, ఎంతో సెంటీమీటర్లలో చెప్పమన్నారు. డయా అన్న మాట చెవిన పడగానే, ఇది సామాన్యుల వల్ల అయ్యే పని కాదని అధ్యక్షులు పైడయ్య గారు గ్రహించారు. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే డేవిడ్ రాజు గారు మా బస్తీ మనిషే. ఆయన్ని శాలువా కప్పి తీసుకొచ్చారు. డేవిడ్ రాజు గారు డేగిసా పక్కన కుర్చీలో కూర్చుని, దాని వైపు కన్నెత్తి చూడకుండా, చుట్టుకొలత ఎంత ఇచ్చారని అడిగారు. ఎవరూ ఏమీ ఇవ్వలేదని చెప్పాం. అయితే లెక్క అసంపూర్ణమనీ, ఏ ప్రశ్నపత్రంలోనైనా ముందు చుట్టుకొలత ఇచ్చి తర్వాతే వ్యాసం అడుగుతారనీ, తన సర్వీసులో ఇంతవరకూ వ్యాసాన్ని ఊరికే ఇచ్చిన ప్రశ్న చూడలేదనీ సెలవిచ్చారు. మా అజ్ఞానానికి మేం సిగ్గుపడ్డాం.

చుట్టుకొలత తీసే పని టైలర్ యాసిన్‌కి అప్పగించారు. యాసిన్ షాపులో ఒక మర్యాద ఉంది. బాగా ఒళ్లున్న పెద్దమనిషి ప్యాంటు కుట్టించుకోడానికి వస్తే, నడుం చుట్టూ టేపు వేసి, పైకి మాత్రం ఆరంగుళాలు తగ్గించి చెబుతాడు. బల్ల దగ్గర కత్తెర పట్టుకుని నిలబడే తమ్ముడు జమీర్ ఆ ఆరూ మనసులో కలుపుకుని గుడ్డ కత్తిరిస్తాడు. పెద్దమనిషి నలుగురిలో నవ్వుకుంటూ వెళతాడు, ప్యాంటూ సరిపోతుంది. ఆ రోజు యాసిన్ రెండు టేపులు పిన్నుతో కలిపి డేగిసా నోటి చుట్టూ వేశాడు. నూట నాలుగు అంగుళాలుంది. పక్కనే డేగిసా యజమాని, పెళ్లికూతురి తండ్రి నిలబడి ఉన్నాడు. బస్తీ అంతా చూస్తోంది. యాసిన్ నోటి వెంట అలవాటుగా తొంభై ఎనిమిది అని వచ్చింది. జమీర్ షాపులోనే ఉండిపోయాడు.

తొంభై ఎనిమిది అంగుళాలని సెంటీమీటర్లు చేస్తే రెండు వందల నలభై తొమ్మిది వచ్చింది. ఇక్కడిదాకా సంఘం ఒక్క తాటి మీదే ఉంది. దాన్ని దేంతో భాగించాలన్న దగ్గర మాట తేడా వచ్చింది. 22/7తో భాగించాలని పెద్దవాళ్లు, 3.14తో భాగించాలని కుర్రాళ్లు పట్టుబట్టారు. మొదటి దాని ప్రకారం వ్యాసం 79.23, రెండో దాని ప్రకారం 79.30. తేడా ఒక మిల్లీమీటర్‌కి కూడా తక్కువ. కానీ అది సూత్రానికి సంబంధించిన విషయం. గవర్నమెంటు బళ్లో తెలుగులో చదువుకున్నవాళ్లు 22/7 తమ ఆత్మగౌరవమన్నారు. కాన్వెంటులో చదివినవాళ్లు ప్రపంచం ఎక్కడికో వెళ్లిపోతుంటే ఈ భిన్నాలేమిటని జాలిపడ్డారు. పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయల వర్తకులు 22/7 పక్షాన, అల్లం వెల్లుల్లి వర్తకులు 3.14 పక్షాన నిలిచారు. రెండు ఫ్లెక్సీలు వెలిశాయి. బస్తీలోనే వియ్యంకులు కావలసిన మరో రెండు కుటుంబాలు మాటలు మానేశాయి. పెళ్లి దగ్గరపడుతోందని జిలానీ బాషా వచ్చి మొత్తుకుంటే, రెండు సంఖ్యలకీ సగటు కట్టి షెడ్డుకి పంపారు. అక్కడి మనిషి ఆ సంఖ్యని ఒకసారి చూసి, రేకు మీద సుద్దముక్కతో 79 అని రాసుకున్నాడు.

మూత వచ్చింది. ధగధగలాడే ఉక్కు మూత. రంగుకాగితం చుట్టి, రిబ్బను కట్టి, సంఘం ఆఫీసులో ఉంచారు. ఒకసారి పెట్టి చూద్దామని జైతూన్ బీ వచ్చింది.

"ఆవిష్కరణ అవకుండా ఎలా పెడతావమ్మా? ముందే పెట్టేత్తే ముఖ్య అతిథిగారొచ్చి ఏటి సేత్తారు?" అన్నారు పైడయ్య గారు.

ఆమె భర్త వైపు చూసింది. ఆయన ఆవిష్కరణకి కట్టిన ఫ్లెక్సీ వైపు చూశాడు. ఫ్లెక్సీలో ముఖ్య అతిథి ఫొటో కింద జిలానీ బాషా ఫొటో కూడా వేశారు. ఇన్నేళ్లుగా పొయ్యి వెనక నిలబడినవాడికి ఫ్లెక్సీలో చోటు దొరికితే, మూత గురించి పేచీ పెట్టుకోబుద్ధి అవుతుందా? మనకైనా అవుతుందా?

పెళ్లిరోజు డేగిసా పొయ్యి మీదికెక్కింది. బియ్యం సరిగ్గా దమ్‌కి వచ్చే పదునులో ఉన్నాయి. ముఖ్య అతిథి గారు దారిలో ఉన్నారు. చాలాసేపు దారిలోనే ఉన్నారు. వచ్చాక పైడయ్య గారు మైకు అందుకున్నారు.

"పెద్దలారా, ఓడలకు రేవునిచ్చిన ఊరు మనది. దేశానికి ఉక్కునిచ్చిన ఊరు మనది. అటువంటి ఊళ్లో ఒక ఆడబిడ్డ పెళ్లి బిర్యానీ మూత లేక ఆగిపోతే, ఆ అవమానం సముద్రానికి కూడా చెందుతుందని నేను భావిస్తున్నాను. ఈ మూతలో ఉన్నది ఉక్కు ఒక్కటే కాదు. ఇందులో గణితం ఉంది."

చప్పట్ల మధ్య రిబ్బను కత్తిరించారు. ముఖ్య అతిథి గారు ఒక పక్క, పైడయ్య గారు ఒక పక్క పట్టుకుని మూతని డేగిసా మీద ఉంచారు. మూత ఆగలేదు. నెమ్మదిగా, ఏ చప్పుడూ లేకుండా లోపలికి దిగి అన్నం మీద కూర్చుంది. ఫొటో సరిగ్గా రాలేదని కెమెరా అతను అనడంతో, కొక్కేలతో పైకి లాగి మరోసారి దించారు.

తర్వాత చెయ్యగలిగినదంతా చేశారు. పళ్లేలు కప్పారు, తడిగుడ్డలు కప్పారు. ఆవిరి ఎటు పోవాలో అటే పోయింది. అడుగు మాడింది, పైన పలుకుగా మిగిలింది, మధ్యలోది జావయింది. కాకినాడ వారు మర్యాదస్తులు కాబట్టి, విశాఖపట్నం బిర్యానీ ఇలా ఉంటుందని తమకు తెలియదని మాత్రం అన్నారు.

డేవిడ్ రాజు గారు అక్కడికక్కడే శుభలేఖ వెనక లెక్క మొత్తం మళ్లీ చేసి, ఎక్కడా తప్పు లేదని ప్రకటించారు. యాసిన్ తల వంచుకుని, ఆరంగుళాలు కలుపుకోవాలనీ, అది మర్యాదకి చెప్పిన మాటనీ బయటపెట్టాడు. అంటే 22/7 తప్పు కాదు, 3.14 తప్పు కాదు. ఇరువర్గాలూ పరమానందభరితులై ఒకరినొకరు కౌగిలించుకున్నారు. మాటలు మానేసిన రెండు కుటుంబాలూ పక్కపక్కన కూర్చున్నాయి. లెక్క సరైనదే కనుక, డేగిసా నోటినే 79 సెంటీమీటర్లకు కుదించాలని పైడయ్య గారు ప్రతిపాదించారు.

జిలానీ బాషా పొయ్యి పక్కన పీట మీద కూర్చున్నాడు. కొత్త శేర్వాణీ నిండా బూడిద పడింది. ఆయన మొహం చూస్తే నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"ఊరందరి పెళ్లికీ దమ్ కుదిరింది. నా పిల్ల పెళ్లికే కుదర్లేదు," అన్నాడు, తనలో తానే.

పెళ్లికూతురు లోపల్నుంచి లేచి వచ్చేసింది. వద్దని ఆడవాళ్లు చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. తండ్రి పక్కన నేల మీద కూర్చుని, ఆయన చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, కాసేపు డేగిసా వైపు చూసింది. తర్వాత తలెత్తింది.

"సార్, నోటికి అడ్డంగా ఓ కర్రెట్టి కొలిస్తే అయిపోయేది కదా. సుట్టూ ఎందుకు తిరిగారు?" అని అడిగింది.

డేవిడ్ రాజు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మంచి మాస్టారు కాబట్టి కోప్పడలేదు. తెలివైన పిల్ల చేసిన చిన్న పొరపాటును దిద్దుతున్నట్టుగా చెప్పారు.

"నిజమేనమ్మా, ఆన్సరొచ్చేత్తాది. కానీ స్టెప్పులుండవు కదా. స్టెప్పుల్లేకపోతే మార్కులెలా పడతాయి?"

అందరం తలూపాం. కాకినాడ వారు కూడా ఊపారు.

నవ్వుతున్నారా? నవ్వండి. కానీ తొంభై ఎనిమిది అంగుళాలకి రెండు వందల నలభై తొమ్మిది సెంటీమీటర్లు వస్తాయా రావా అని మీరూ మనసులో ఒకసారి సరిచూసుకున్నారు. ఇరవై రెండు బై ఏడో, మూడు పాయింట్ ఒకటి నాలుగో, ఏదో ఒక వర్గంలో చేరిపోయారు. యాసిన్ మింగేసిన ఆరంగుళాల గురించి బెంగపడ్డారు. కర్ర మాట మాత్రం ఆ పిల్ల అడిగేదాకా మీకెంతమందికి తట్టింది? తట్టని వారంతా మా సంఘంలో సభ్యత్వానికి పూర్తిగా అర్హులు, ఎప్పుడైనా రావచ్చు. వచ్చేటప్పుడు మాత్రం భోంచేసి రండి.