ఆనకట్ట మీంచి దూకిన నీళ్లు

జ్యేష్ఠ బహుళ దశమినాడు, కేవలం ప్రజల క్షేమం కోరి, నదీ శోభల స్పెషల్ ఆఫీసరు చంద్రరావు గారు రాజమండ్రి కొత్త రైలు వంతెననూ, ధవళేశ్వరం ఆనకట్టనూ స్వయంగా చూస్తారని ఊరూరా దండోరా వేశారు. స్వయంగా చూడటమంటే సామాన్యమా? అంతకుముందు ఆఫీసర్లంతా కాగితాల్లోనే చూసేవారు.

కాలువ చివర రెండెకరాలున్న బంగార్రాజు ఆ కబురు విని, అర్జీ రాయించుకుని తెల్లారేసరికి ఆనకట్ట దగ్గర నిలబడ్డాడు. తొమ్మిది రోజులుగా కాలువలో చుక్క నీరు లేదు. నారు ఎర్రబడుతోంది. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఈ ఏడు నాట్లు లేవు, ఇంట్లో తిండీ లేదు.

ఆఫీసరుగారు మధ్యాహ్నానికి గానీ రాలేదు. వంతెన రాగానే లేపమని చెప్పి రైల్లో పడుకున్నారట. ఆయన్ని లేపే ధైర్యం ఎవరికుంటుంది? వంతెన దాటేశాక కొవ్వూరులో మెలకువ వచ్చింది. రైలును వెనక్కి నడిపించారు. మళ్లీ కునుకు పట్టింది. మూడోసారి పట్టుదలగా కళ్లు తెరిచి చూసి, "వంతెన పొడుగ్గానే ఉంది" అని తేల్చారు.

ఈలోగా బంగార్రాజు, కాలువ తూములు తీసి మూసే లాకుల లస్కరు యెహెజ్కేలుని పట్టుకున్నాడు.

"కాలువకి నీళ్లెప్పుడొస్తాయండీ?"

"ఆఫీసరుగారు చూసెళ్లాకండి. తూములు మూసి తొమ్మిది రోజులైంది. మూస్తేనే గానీ ఈ రోజుల్లో ఆనకట్ట మీంచి నీళ్లు దూకవు. దూకకపోతే మా ఉద్యోగాలుండవండి."

ఆఫీసరుగారు ఆనకట్ట దగ్గరికి వచ్చారు. నీళ్లు దూకాయి. ఆఫీసరుగారి కళ్లు చెమర్చాయి. అది చూసి గుమాస్తాలందరూ కళ్లు తుడుచుకున్నారు. అదే అదనుగా బంగార్రాజు అర్జీ చాపాడు.

"నీళ్లు లేవా? మరి అవేంటయ్యా?"

"అవి సముద్రంలోకి పోతున్నాయండి బాబూ. నా చేలోకి రావట్లేదండి."

"ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయండి."

"రాసుకోండి. రైతు ఒప్పుకున్నాడు."

బంగార్రాజుకి ఒళ్లు మండింది. "నారు చచ్చిపోతోందండి! నాట్లు లేకపోతే ఈ నెలంతా మేం ఏం చెయ్యాలండీ?"

ఆఫీసరుగారి మనసు వెన్న. ఆ మాటకి ఇట్టే కరిగిపోయింది. వెంటనే గుమాస్తా వైపు తిరిగారు.

"నిజమే, పాపం పనిలేక కూర్చుంటారు. ఈ నెలంతా తూములు మూసే ఉంచండి. రైతులందరూ వచ్చి ఈ శోభ చూసి వెళ్తారు. మొదటి పాసు ఇతనికే ఇవ్వండి."