కుబుసం కోసం క్యూ

నేనింతకు ముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత పచ్చళ్ల జాడీల మీద అంటించే చీటీలు తప్ప పెన్ను పట్టే పని పడలేదు. నలుగురిలో మాట్లాడాలన్నా నాకు మొహమాటమే.

మా వాడు కిరీటి ఒక జర్కిన్ కోసం ఎండాకాలమంతా ఫోనులో వెతికాడు. అది ఎక్కడా దొరకదట. దొరకదు కాబట్టే కావాలట. చివరికి ఎలాగో తెప్పించాడు. వేసుకోలేదు. మెడ దగ్గర కుట్లకు ఫొటోలు తీసి ఎవరెవరికో పంపి, ఇది అసలుదేనా అని అడుగుతూ కూర్చున్నాడు. ఎప్పుడు వేసుకుంటావురా అంటే, "అది వేసుకునేది కాదమ్మా" అన్నాడు.

నాకు ఎదురు చెప్పడం చేతకాదు. కథ అయితే చెప్పగలనేమో అనిపించింది. తప్పులుంటే సర్దుకోండి.

ఒక పెద్ద అడవిలో బట్టల కొరత ఉండేది కాదు, ఎందుకంటే అక్కడ ఎవరికీ బట్టలే లేవు. ఎవరి బొచ్చు వాళ్లకుండేది, ఎవరి ఈకలు వాళ్లకుండేవి. బట్టల్లేక చలికి చచ్చామని ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఆ అడవిలో ఒక ఇప్పచెట్టు, దాని తొర్రలో ఒక ఉడుత. చెట్టు కింద బండల సందులో ఒక కొండచిలువ. కొండచిలువ బయటికి పాకి వచ్చిందంటే ఉడుత తోక ఎగరేసి కిచకిచమని గోల పెట్టేది. ఆ గోల చెవిన పడగానే ఎక్కడి వాళ్లక్కడ పొదలు పట్టేవాళ్లు. ఇందుకు ఉడుతకు ఎవరూ ఏమీ పెట్టలేదు. అదీ అడగలేదు.

కొండచిలువ అప్పుడప్పుడు కుబుసం విడిచేది. విడిచే ముందు దాని కళ్లు పాలు పోసినట్టు తెల్లబడేవి. అప్పుడు దానికి చూపూ ఆనదు, ఆకలీ ఉండదు. విడిచాక రెండూ ఒకేసారి తిరిగొచ్చేవి. ఇది అడవిలో అందరికీ తెలిసిన సంగతే.

ఒకసారి ఆ విడిచిన కుబుసం కొండముచ్చు కంట పడింది. మెడలో కండువాలా వేసుకుని వాగు దగ్గరికి వెళ్లింది. నీళ్లు తాగడానికి వచ్చిన వాళ్లంతా ఎక్కడిదని అడిగారు. కొండముచ్చు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, "మీకు దొరకదులే" అంది.

ఆ ఒక్క మాటతో అడవికి నిద్ర పట్టడం మానేసింది. అడవిపంది అయితే తనకు మెడ ఉండాలన్న సంగతి అప్పుడే గమనించింది.

ఇక కొండచిలువ కళ్లు తెల్లబడ్డాయని తెలిస్తే చాలు, బండల ముందు క్యూ కట్టేవాళ్లు. ఎలుగుబంటి తన బదులు ఒక రాయి పెట్టి తేనె చూసుకోవడానికి వెళ్లేది. తిరిగొచ్చేసరికి ఆ రాయి వెనక ఇంకొన్ని రాళ్లు నిలబడి ఉండేవి. రాళ్లలో రాళ్లకు తగువులు రాలేదు గాని, వాటి తాలూకు వాళ్లకు వచ్చాయి. కుబుసం బయటపడగానే పీకులాడుకుని తలా ఒక ముక్క పట్టుకుపోయేవాళ్లు. ఒక కుందేలుకు గోరంత ముక్క దక్కితే నుదుటన అంటించుకుని తిరిగింది.

అందరికీ చాలదు కదా. ముళ్లపంది అడవి అరటి డొప్పలు ఎండబెట్టి, వాటి మీద బురదతో మచ్చలు దిద్ది, అవి కూడా కుబుసాలే అని పంచడం మొదలుపెట్టింది. దాంతో ఎవరి మెడలో ఉన్నది అసలుదో, ఎవరిది నకిలీదో తెలియక స్నేహాలు చెడిపోయాయి.

నక్కకు కుబుసం మీద ఆశ లేదు. దానికి అధ్యక్ష పదవి మీద ఉంది. కుబుస నిర్ధారణ సంఘం అని ఒకటి పెట్టి, సరుకు పుట్టే చోటే పరీక్ష జరగాలని ఇప్పచెట్టు కిందే కూర్చుంది. ముక్క ఎండకు పట్టి చూస్తే అవతలి ఆకు కనబడాలి, నలిపితే గరగరలాడాలి, తడి ఉండకూడదు. అలా ఉంటే అసలుది. నక్క తన పాదం బురదలో ముంచి దాని మీద ముద్ర వేసేది. పరీక్షకు వచ్చేవాళ్లు ఉత్త చేతులతో రావడం మర్యాద కాదని మాత్రం ముందే చెప్పింది.

ఇక్కడే ఉడుతకు చిక్కొచ్చి పడింది. ఏ పొద కదిలినా పాము మచ్చలే కనబడుతున్నాయి. అది కేక వేయడం, అందరూ పారిపోవడం, తీరా చూస్తే పొదలోంచి అడవిపంది మెడ సవరించుకుంటూ రావడం. పంది సంఘంలో ఫిర్యాదు చేసింది. ఇంత కష్టపడి సంపాదించుకున్నది వేసుకుని నాలుగడుగులు వేద్దామంటే చూసేవాళ్లంతా పరిగెత్తిపోతున్నారని, ఇక వేసుకుని లాభమేమిటని అడిగింది.

సంఘం ఆలోచించి తీర్పు చెప్పింది. మచ్చలు కనబడగానే ఉడుత కేక వేయరాదు. ముందు సంఘం పరీక్షించాలి. అసలుదైతే వేసుకున్నవాళ్లు పెద్దమనుషులు, వాళ్లను చూసి అరవకూడదు. నకిలీదైతే వాళ్లు దోషులు, వాళ్ల సంగతి సంఘం చూసుకుంటుంది, అప్పుడూ అరవక్కర్లేదు.

"మరి పామైతే?" అని ఉడుత అడిగింది.

నక్క సంఘం నిబంధనలన్నీ మనసులో ఒకసారి తిరగేసింది. "అసలుది, నకిలీది. రెండే రకాలు. పాము అనే రకం మన దగ్గర లేదు," అంది.

ఉడుతకు అప్పటికి పిల్లలు పుట్టి ఎన్నాళ్లో కాలేదు. తొర్రలో కళ్లు తెరవకుండా ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. తను అరిస్తే తప్ప కిందివాళ్లు పరుగులు పెట్టరు, ఆ అలజడి రేగితే తప్ప కొండచిలువ వెనక్కి తగ్గదు. తన పిల్లలకున్న తలుపూ గొళ్లెమూ ఆ కేకే. ఉడుత వెళ్లి ఆ ముక్క తీసేయమని పందిని బతిమాలింది. పంది జాలిపడి, కావాలంటే పిల్లలకు కూడా చిన్న చిన్న ముక్కలు ఇప్పిస్తానంది.

ఆ తర్వాతి కుబుసం పడింది. ముక్కలు తీసుకుని అందరూ ఇప్పచెట్టు కింద ముద్ర కోసం నిలబడ్డారు. మిట్టమధ్యాహ్నం. బండల సందులోంచి కొండచిలువ కొత్త తోలుతో, కొత్త చూపుతో, చాలా ఆకలితో బయటికి వచ్చింది. చెట్టు మొదలు చుట్టుకుని తొర్ర వైపు తల ఎత్తింది.

ఉడుత కేక వేసింది. ఎవరూ కదల్లేదు.

"మళ్లీ మొదలెట్టావా వదినా," అంది పంది, తన వంతు పోతుందని చోటు వదలకుండానే.

"నక్క బావా, అది పాము. నా పిల్లలు పైనున్నాయి."

"అవునో కాదో నువ్వే తేల్చేస్తే సంఘం ఎందుకు?" అంటూ నక్క లేచి వచ్చింది. కొండచిలువ తోక పట్టుకుని ఎండకు ఎత్తి చూసింది. అవతలి ఆకు కనబడలేదు. నలిపింది. గరగరలాడలేదు. పైగా తడి తడిగా, నిగనిగలాడుతోంది.

"నకిలీ," అంది నక్క. "ఇంత మెరుపు అసలుకు ఉండదు."

క్యూలో వాళ్లు నవ్వారు. ఎవరు చేశారో గాని కొంచెం కూడా పనితనం లేదని ముళ్లపంది పెదవి విరిచింది.

తోక పట్టి లాగినందుకు కొండచిలువ పైకి పోవడం మానుకుని వెనక్కి తిరిగింది. లోపలున్నది ఎవరో మర్యాదగా బయటికి రమ్మని నక్క అడిగింది. కొండచిలువ నోరు తెరిచింది. లోపల ఎవరున్నారో చూద్దామని నక్క తల పెట్టింది. కొండచిలువ అడ్డు చెప్పలేదు. చుట్టలు వేసి, తీరిగ్గా, తోకతో సహా అధ్యక్షుణ్ణి లోపలికి తీసుకుంది. తర్వాత కడుపు బరువుకు అక్కడే పడి నిద్రపోయింది.

ఉడుత ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని వాగు అవతలి మద్దిచెట్టు మీదికి చేర్చింది. చివరి పిల్లను తీసుకుపోతూ కిందికి చూస్తే క్యూ అలాగే ఉంది. కాకపోతే కొంచెం ముందుకు జరిగింది. కడుపు ఇంత బిగిసింది కాబట్టి తోలు తొందరగా వదులుతుందని, ఈసారి పెద్ద సైజు వస్తుందని కొండముచ్చు అందరికీ చెబుతోంది. ఎలుగుబంటి రాయి తెచ్చి పెట్టింది.

"అది పామర్రా," అంది ఉడుత, నోట్లో పిల్లను కొమ్మ మీద దించి.

"తెలుసు వదినా. అందుకేగా నిలబడ్డాం," అన్నారు వాళ్లు.

అసలైన కుబుసం ఒంటి నిండా తొడుక్కున్నది ఆ అడవిలో ఇప్పటికీ నక్క ఒక్కటే.

నీతి: అసలు సరుకు కోసం తిరిగేవాడికి, అది దొరికిన రోజున సైజు చూసుకునే తీరిక ఉండదు.

కథ రాసి మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను. మర్నాడు పొద్దున మంచు పడుతోంది. కిరీటి ఇంకా లేవలేదు. ఆ జర్కిన్ కవరులోంచి తీసి చీర మీద నేనే వేసుకుని పాలకు వెళ్లొచ్చాను. అసలుదో కాదో నాకు తెలియలేదు. వెచ్చగా ఉంది. జేబులో పాల పాకెట్టు సరిగ్గా పట్టింది.